అత్తగారి ట్రంకు పెట్టెలో కానీలు: నాణేల సేకరణపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

చదువుకూ ఉద్యోగానికీ సంబంధం లేకుండా మనిషి తన ఇష్టం కొద్దీ పెట్టుకునే వ్యాపకాల గురించిన ఈ శీర్షికలో ఈసారి నాణేల సేకరణను తీసుకుంటున్నామని ముందే ప్రకటించాం. వచ్చిన ఉత్తరాలలో సగానికి సగం ఒకే తీరుగా మొదలయ్యాయి: ఇంట్లో పెద్దవారు కాలం చేశారు, పెట్టె తెరిచాం, అడుగున ఒక మూట దొరికింది. అందువల్ల అలాంటి ఉత్తరంతోనే మొదలుపెడుతున్నాను.

ప్రశ్న: మా అత్తగారు పోయిన తరువాత ఆవిడ ట్రంకు పెట్టెలో ఒక గుడ్డసంచి దొరికింది. అందులో చిల్లు కానీలు పదిహేను, అంచు వంకీలు తిరిగిన అణాలు, నలుపలకల బిళ్లలు కొన్ని, వెండి రూపాయలు తొమ్మిది ఉన్నాయి. రెండు రూపాయల అంచున ఏదో అతికించి ఊడదీసినట్టు బొడిపె ఉంది. అన్నీ నల్లబడిపోయాయి. చింతపండుతో తోమితే మెరుస్తాయని మా తోడికోడలు అంటోంది. వీటితో సేకరణ మొదలుపెట్టవచ్చునా? (గృహిణి, తెనాలి)

జవాబు: అమ్మా, ముందుగా ఒక్క మాట. దయచేసి తోమకండి. చింతపండు, నిమ్మకాయ, బూడిద, పళ్లపొడి, వంటసోడా, వీటిలో ఏదీ నాణెం మీద పడకూడదు. ఇత్తడి చెంబుకు మెరుపు అందమే కానీ, నాణెం మీద ఏళ్ల తరబడి పట్టిన నలుపు ఆ లోహం తనకు తాను కప్పుకున్న పొర; దాన్ని గీకినప్పుడు దానితోపాటు పైనున్న సన్నని గీతలు, రాజు ముఖంలోని కనుబొమలు, అక్షరాల అంచులు కూడా పోతాయి, పోయినవి మళ్లీ రావు. నాకు పన్నెండేళ్ల వయసులో మా నాయనమ్మ తన దగ్గరున్న ఒకే ఒక్క నిజాం రూపాయిని నా చేతిలో పెడితే, మర్నాడు పొద్దున్నే బావి గట్టున కూర్చుని చింతపండుతో, పీచుతో అరగంట తోమాను. అది ఇప్పటికీ నా దగ్గర ఉంది. చార్మినారు మీనార్ల మీది గీతలు చెరిగిపోయి, బోడి గోడలా కనిపిస్తుంది. ఆ రూపాయి చేతిలోకి తీసుకున్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

మట్టి మరీ గట్టిగా పట్టి ఉంటే, బ్యాటరీలకు వాడే డిస్టిల్డ్ వాటర్‌లో ఒక రాత్రంతా నానబెట్టి, మెత్తని నూలుగుడ్డ మీద పెట్టి అద్ది ఆరనివ్వండి, రుద్దవద్దు. రాగి కానీల మీద పొడిపొడిగా రాలే లేత ఆకుపచ్చ మచ్చలు కనబడితే వాటిని మిగతావాటి నుంచి వేరుచేసి పొడిచోట ఉంచండి, ఎందుకంటే ఆ పచ్చదనం తేమతో పెరుగుతూ లోహాన్ని తినేస్తుంది. పట్టుకునేటప్పుడు రెండు వేళ్లతో అంచులనే పట్టుకోండి.

ఇక మీ సంచిలోని నాణేల సంగతి. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చేదాకా మన రూపాయికి 16 అణాలు, అణాకు 4 కానీలు, కానీకి 3 దమ్మిడీలు. రెండణాలు బేడ, నాలుగణాలు పావలా. మీరు చిల్లు కానీలంటున్నవి రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1943 నుంచి, లోహం పొదుపు కోసం నడిమధ్య గుండ్రని రంధ్రం పెట్టి ముద్రించినవి. వంకీల అంచున్నవి అణాలు, మూలలు గుండ్రంగా ఉన్న నలుపలకల బిళ్లలు బేడలు కావచ్చు, అర్ధణాలూ కావచ్చు. ఐదో జార్జి పేరున్న అణాను కిటికీ వెలుగులో కాస్త ఏటవాలుగా పట్టుకుని వెనకవైపు చూడండి: ఇంగ్లీషుతోపాటు నాగరి, బెంగాలీ, ఉర్దూ లిపులలోనూ, వాటి పక్కనే మన తెలుగు లిపిలోనూ దాని విలువ రాసి ఉంటుంది. భూతద్దం ఉంటే ఇంకా మంచిది. తెలుగు అక్షరం కలకత్తా, బొంబాయి టంకశాలల గుండా దేశమంతటా తిరిగిన ఆ చిన్న బిళ్లను మొదటిసారి అలా చదివిన రోజు నాకు బాగా గుర్తుంది.

వెండి రూపాయలను రాజు ముఖాన్ని బట్టి విడదీయండి. విక్టోరియా, ఏడో ఎడ్వర్డు, ఐదో జార్జి రూపాయలు 11.66 గ్రాముల బరువు, పన్నెండింట పదకొండు వంతులు వెండి. ఆరో జార్జి కాలంలో 1940 నుంచి వెండి సగానికి తగ్గింది; 1947 నాటి రూపాయిలో వెండి అసలే లేదు, అది నికెల్; అయస్కాంతం దగ్గర పెడితే టక్కున అతుక్కుంటుంది. మీ రూపాయలలో 1911 సంవత్సరానిది ఉందేమో చూడండి. ఆ ఏడు జార్జి రాజు మెడలోని హారంలో ఏనుగు బొమ్మను చెక్కిన తీరు పందిని పోలి ఉందని జనంలో అలజడి రేగడంతో, ఆ రూపాయలను వెనక్కు తీసుకుని 1912లో అచ్చు మార్చారు.

అంచున బొడిపె ఉన్న రెండింటి గురించి కూడా చెప్పాలి. అది కొక్కెం అతికించిన గుర్తు. ఆ రూపాయలు ఒకప్పుడు ఎవరి మెడలోనో హారంగా వేలాడాయన్నమాట. వ్యాపారులు వాటికి వెండి బరువు ధరే కడతారు. నేనైతే ఆ తొమ్మిదింటిలో ముందు ఆ రెండింటినే దాచుకుంటాను. మీ మామగారి తరంవారు ఎవరైనా ఉంటే ఆ హారం ఎవరిదో ఈ వారమే అడిగి, ఒక చీటీ మీద రాసి, నాణెంతోపాటు కాగితపు కవరులో పెట్టండి. ఎక్కడ దొరికింది, ఎవరి దగ్గర ఉండేది, ఎవరు చెప్పారు అన్న మూడు సంగతులు చాలు. బజారులో దొరికే పల్చని మెత్తటి ప్లాస్టిక్ కవర్లు కొంతకాలానికి జిగురు కట్టి నాణేలకు పచ్చటి మరక పట్టిస్తాయి కాబట్టి, కాగితం కవర్లు గానీ అట్టముక్కల హోల్డర్లు గానీ వాడండి. మీది కోస్తా ఊరు, తేమ ఎక్కువ; పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి ఉంచండి. సేకరణ మొదలుపెట్టవచ్చునా అని అడిగారు. చీటీ రాసిన నాడే మీది సేకరణ అవుతుంది.

ప్రశ్న: మా తాతగారి హాలీ సిక్కాలు (నిజాం రాజ్యపు నాణేలు) పదకొండు నా దగ్గర ఉన్నాయి. నాకు ఉర్దూ రాదు. అవి ఏ సంవత్సరానివో, ఏ నిజాంవో నేనే తెలుసుకునే దారి ఉందా? (విశ్రాంత ఉపాధ్యాయుడు, హనుమకొండ)

జవాబు: తప్పకుండా ఉందండీ, పైగా ఉర్దూ రానివారు కూడా ఒక సాయంత్రంలో నేర్చుకోగలిగినంత తేలిక. చార్మినారు బొమ్మ ఉన్న వెండి రూపాయిని తీసుకుని నడిమి కమాను లోపలికి చూడండి. ఆ ద్వారంలో ఒకే ఒక్క అక్షరం నిలబడి ఉంటుంది. అది చిన్న ముడి వేసి కిందికి తోక జారవిడిచినట్టుంటే 'మీమ్', అంటే మహబూబ్ అలీ ఖాన్. నోరు తెరిచిన కొక్కెంలా ఉంటే 'ఐన్', అంటే ఉస్మాన్ అలీ ఖాన్. మహబూబ్ అలీ ఖాన్ 1911 ఆగస్టులో మరణించారు కాబట్టి, ఆ ఒక్క అక్షరంతోనే మీ పదకొండు నాణేలు రెండు కుప్పలుగా విడిపోతాయి.

తరువాత అంకెలు. అక్కడ ఉండేది హిజ్రీ సంవత్సరం. ఉర్దూ అంకెలు ఎడమ నుంచి కుడికే చదవాలి. ఒకటి నిలువు గీత, సున్నా చుక్క. హిజ్రీ సంవత్సరాన్ని 0.97తో గుణించి 622 కలిపితే, ఒక ఏడాది అటూ ఇటూగా, మనకు తెలిసిన సంవత్సరం వస్తుంది. 1330ని అలా లెక్కకడితే 1912 అవుతుంది. చార్మినారు అచ్చు 1903 ప్రాంతంలో, యంత్రాలతో ముద్రణ ఆరంభమైన రోజులలో వచ్చింది. హైదరాబాదులో సైఫాబాద్ టంకశాల స్థాపన కూడా 1903 నాటిదే. కనుక మీ లెక్కలో అంతకన్నా చాలా ముందు సంవత్సరం వస్తే అంకె తప్పు చదివారని గ్రహించి మళ్లీ చూడండి.

మీ తాతగారి తరంవారు ఇంగ్లీషు రూపాయిని 'కల్దార్' అనేవారు. ఏడు హాలీ రూపాయలు సుమారుగా ఆరు కల్దార్ రూపాయలకు సమానం. బెజవాడకు సరుకు పంపే వరంగల్లు వర్తకుడు చిట్టాలో ఈ మారకం రాసుకోవలసిందే. ఇంట్లో పాత జమాఖర్చు పుస్తకాలు గానీ, కౌలు కాగితాలు గానీ ఉంటే వాటిలో 'హాలీ' అనీ 'కల్దార్' అనీ ఎక్కడ రాశారో వెతకండి. నాణెం పక్కన ఆ కాగితం కూడా ఉన్న సేకరణ చాలా అరుదు. అవకాశం ఉన్నప్పుడు సైఫాబాద్ పాత టంకశాల భవనంలోని మ్యూజియంనూ, పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంనూ చూసి రండి. భూతద్దం, నోటు పుస్తకం వెంట తీసుకువెళ్లండి.

ప్రశ్న: ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఆరో తరగతి నుంచి నాణేలు పోగుచేస్తున్నాను. ఇది ఉద్యోగానికి పనికిరాదని, ఆ సమయంలో కోడింగు నేర్చుకోమని నాన్నగారు కోప్పడుతున్నారు. నేను మానేయాలా? (విద్యార్థి, కాకినాడ)

జవాబు: మానవద్దు బాబూ. అయితే మీ నాన్నగారి భయాన్ని కొట్టిపారేయవద్దు. కొడుకు స్థిరపడాలని ఆయన ఆరాటం. నాణేలు పరీక్షలకు సాయపడతాయని నేను మీకు వకాల్తా పుచ్చుకుంటే అది నిజం కాదు, అలా పనికిరావాలన్న నియమమూ లేదు. వారానికి రెండు గంటలు, ఆదివారం సాయంత్రం అని మీరే హద్దు పెట్టుకుని, సంపాదన మొదలయ్యేదాకా డబ్బు పెట్టి నాణేలు కొనబోనని ఆయనకు మాట ఇవ్వండి. కొనకుండా సేకరణ ఎలా అంటారేమో. పోగుచేయడం కన్నా చదవడం ముఖ్యం.

మీరున్నది కాకినాడలో కాబట్టి ఒక దారి చూపిస్తాను. మనం రోజూ వాడే 'డబ్బు' అనే మాట ఒకప్పుడు ఒక రాగి నాణెం పేరు. మీ జిల్లా ఉన్న ఉత్తర సర్కారుల కోసం ఈస్టిండియా కంపెనీ 1794లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ దగ్గరి సోహో టంకశాలలో ఆవిరి యంత్రాలతో రాగి నాణేలు ముద్రించి ఓడలలో పంపింది. వాటిపై రూపాయికి 48 అని ఇంగ్లీషులో స్పష్టంగా ఉంటుంది. అంతకుముందు సుత్తిదెబ్బతో అచ్చు వేసిన డబ్బు ఒక్కొక్కటి ఒక్కో ఆకారంలో ఉండేది; యంత్రం వచ్చాక అన్నీ ఒకేలా, అంచు సమంగా వచ్చాయి. అచ్చుదిమ్మ, ఒత్తిడి, లోహపు సాగుదల, ఇవన్నీ మీ కోర్సులోని మాటలే. ఒకసారి నాన్నగారిని కూర్చోబెట్టి, ఒక సుత్తి నాణేన్నీ ఒక యంత్రపు నాణేన్నీ, కనీసం వాటి ఫొటోలనైనా, పక్కపక్కన పెట్టి చూపించండి. ఆయన చిన్నప్పుడు ఏ నాణెంతో ఏం కొనుక్కున్నారో అడగండి. ఆ సంభాషణ ఎక్కడికి వెళుతుందో నాకు కొంత అనుభవం ఉంది. మా నాన్నగారు తన జీవితంలో నాతో ఎక్కువసేపు మాట్లాడిన సాయంత్రం ఐదు పైసల బిళ్ల గురించి మాట్లాడిన సాయంత్రమే.

ప్రశ్న: ట్రాక్టరు బొమ్మ ఉన్న 5 రూపాయల నోటుకూ, వైష్ణోదేవి బొమ్మ ఉన్న నాణేనికీ లక్షలు ఇస్తామని ఫోనులో ప్రకటన చూసి మాట్లాడాను. రిజిస్ట్రేషను, పన్ను అంటూ మొదట కొంత కట్టమంటున్నారు. నమ్మవచ్చునా? అలాగే మా ఊరిలో ఒకరు బియ్యాన్ని లాగే రాగి నాణెం ఉందంటున్నారు. (చిరువ్యాపారి, కర్నూలు)

జవాబు: ఒక్క రూపాయి కూడా కట్టవద్దు. ఆ నోటూ ఆ నాణెమూ విరివిగా వచ్చినవి, మామూలు చలామణీలో దొరికేవి. కొనేవాడు అమ్మేవాడి నుంచి ముందుగా డబ్బు అడిగాడంటేనే అది మోసం. రిజర్వ్ బ్యాంకు పేరు వాడుకుని ఇలా రుసుములు, పన్నులు అడుగుతున్నారని, తాను ఇటువంటి లావాదేవీలలో లేనని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించింది. ఇప్పటికే ఏమైనా కట్టి ఉంటే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చేయండి.

బియ్యం లాగే నాణెమనేది లేదు. రాగి దేనినీ ఆకర్షించదు. బియ్యానికి ఇనుప రజను పట్టించి, బిళ్లలో అయస్కాంతం దాచి చూపించే ఈ పని వల్ల మన రెండు రాష్ట్రాలలో పొలాలు అమ్ముకున్నవారు ఉన్నారు. కంపెనీ పేరుతో రాముడి పట్టాభిషేకం, హనుమంతుడు ఉన్న '1818' బిళ్లలు కూడా ఈ బేరాలలో తరచుగా వస్తాయి. ఈస్టిండియా కంపెనీ అటువంటి నాణేలు ఎన్నడూ ముద్రించలేదు. అవి పూజలో పెట్టుకునే బిళ్లలు, ఆ గౌరవంతో దేవుడి గదిలో ఉంచుకోవచ్చు.

ప్రశ్న: డాలస్‌లో స్థిరపడ్డాను. వచ్చే నెల గుంటూరు వస్తున్నాను. నాన్నగారి విక్టోరియా రూపాయలు నాతో తీసుకువెళ్లవచ్చునా?

జవాబు: వీలుకాదండీ. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువు. ప్రైవేటు వ్యక్తులు దానిని దేశం దాటించడం నేరం. మీ నాన్నగారిదే అయినా, ఒక్కటే అయినా అంతే. మంచి వెలుతురులో రెండువైపులా ఫొటోలు తీసుకుని, నాణేలను ఇక్కడే అక్కచెల్లెళ్ల దగ్గరో అన్నదమ్ముల దగ్గరో ఉంచండి. మీ పిల్లలకు వాటిని చూపించడానికి గుంటూరు రావలసిన కారణం ఒకటి మిగులుతుంది, అది మంచిదే.

ప్రశ్న: దున్నుతుండగా పగిలిన కుండలో వంద దాకా చిన్న చిన్న నల్లటి బిళ్లలు బయటపడ్డాయి. బరువుగా, సీసంలా ఉన్నాయి. ఒకవైపు ఏనుగు, ఇంకోవైపు నాలుగు గుండ్రాలు కూడికలా కలిసిన గుర్తు ఉంది. ఒక వ్యాపారి అన్నీ కలిపి కొంటానంటున్నాడు. (రైతు, పల్నాడు జిల్లా)

జవాబు: అయ్యా, మీరు చెప్పిన గుర్తులను బట్టి అవి శాతవాహనుల కాలపు నాణేలు కావచ్చు. దాదాపు రెండు వేల ఏళ్ల నాటివి. మీరు అమ్మవద్దు, పంచవద్దు, కడగవద్దు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో దొరికిన నిధి విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి; దాచిపెడితే నేరమవుతుంది. గ్రామ రెవెన్యూ అధికారికి గానీ నేరుగా తహసీల్దారు కార్యాలయంలో గానీ కాగితం ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. కుండ పెంకులను కూడా పారేయకుండా అలాగే ఉంచి, ఎంత లోతులో, పొలంలో ఏ మూల దొరికిందో గుర్తు పెట్టండి.

చట్టం సంగతి అటుంచి, ఎందుకు చెదరగొట్టకూడదో కూడా చెప్పాలి. 1906లో నాసిక్ జిల్లా జోగల్తంబిలో 13,250 వెండి నాణేల కుండ దొరికింది. అవన్నీ శాతవాహనుల ప్రత్యర్థి, క్షహరాత వంశపు రాజు నహపానుడివి. వాటిలో 9,000కు పైగా నాణేలపై శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి తన గుర్తులను మళ్లీ కొట్టించాడు. కొన్నింటిలో నహపానుడి ముఖం మీదుగానే ఆ అచ్చు పడింది. నహపానుడిని గెలిచి అతని ధనాన్ని తన పేరిట చలామణీ చేశాడని నాణేలే చెబుతున్నాయి. ఆ కుండ మొత్తంగా పరిశీలకుల చేతికి అందింది కాబట్టే ఎన్నింటిపై అచ్చు పడింది, ఎన్నింటిపై పడలేదు అన్న లెక్క తేలింది. వందమంది వంద జేబులలో వేసుకుని ఉంటే ఆ లెక్క మనకు ఎప్పటికీ దొరికేది కాదు. మీ పొలంలోని కుండ ఏం చెబుతుందో ఇంకా ఎవరూ చదవలేదు. ఆ వ్యాపారి ఇచ్చే సొమ్ము ఎంతో నాకు తెలియదు, మీ ఇంటి అవసరాలూ నాకు తెలియవు. అయినా ఈ ఒక్కటి మీరు చేయాలని చేతులెత్తి అడుగుతున్నాను.

ప్రశ్న: నేను ఆరో తరగతి. నా దగ్గర డబ్బులు లేవు. ఏ నాణేలతో మొదలుపెట్టాలి? (చిన్నారి పాఠకురాలు, నిజామాబాద్)

జవాబు: తల్లీ, ఇవాళ సాయంత్రం అమ్మ పర్సులోని చిల్లర అడిగి బల్ల మీద పరుచుకో. ప్రతి నాణెం మీదా సంవత్సరం ఉంటుంది కదా, దాని కింద చూడు. చిన్న నక్షత్రం ఉంటే అది మన హైదరాబాదులో తయారైనది. డైమండు ఆకారం ఉంటే ముంబయిది, చుక్క ఉంటే నోయిడాది, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతాది. నాలుగు కాగితపు కవర్ల మీద నాలుగు ఊళ్ల పేర్లు రాసి, నాణేలను వాటిలో వేయి. ఒకే సంవత్సరపు రూపాయి నాలుగు ఊళ్లదీ దొరుకుతుందేమో వెతుకు. దొరకడానికి కొన్ని నెలలు పట్టవచ్చు.

తరువాత అమ్మమ్మనూ తాతయ్యనూ అడుగు. 2011 జూన్ 30 నుంచి పావలా, అంతకన్నా చిన్న నాణేలు చెల్లడం ఆగిపోయింది కాబట్టి చాలామంది ఇళ్లలో అవి దేవుడి గూటిలోనో, కుట్టుమిషను సొరుగులోనో మిగిలిపోయాయి. నలుపలకల ఐదు పైసలు, ఆరు పలకల మూడు పైసలు, వంకీల అంచున్న రెండు పైసలు, పది పైసలు అల్యూమినియంవి. అరచేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు. 1964 జూన్‌కు ముందు వచ్చిన పాత పైసల నాణేల మీద 'నయే పైసే' అని హిందీలో ఉంటుంది, ఆ తరువాత 'నయా' తీసేశారు. అలాంటిది ఒకటి దొరికితే, అది ఎవరి సొరుగులో దొరికిందో కవరు మీద రాసి నాకు ఉత్తరం రాయి.